బస్‌స్టాప్‌లో గొడుగుతో నిలబడే మా సువార్త అత్త

నిన్న పొద్దున న్యూ టౌన్‌లో ఆఫీస్ క్యాబ్ ఎక్కబోతుంటే నాన్న ఫోన్.

"మీ అత్త పోనాదే. బేగి రా."

క్యాబ్ డోర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మొన్నే వాయిస్ మెసేజ్ పెట్టింది, శనివారం లీవ్ పెట్టావా లేదా అని. అందులో సగం తిట్లే.

తెలియనివాళ్లకి చెప్తాను. సువార్తమ్మ మా నాన్న అక్క. తాతయ్య శ్రీకాకుళం నుంచి ఈ బెంగాలీ మహానగరానికి, ఓడరేవు డాక్‌లో పనికొచ్చాక, ఇక్కడే వాట్‌గంజ్ పేటలో పుట్టింది. ఎక్కడికీ పోలేదు.

ప్రతి ఫిబ్రవరిలో మా తెలుగు చర్చి హాల్లో, ఇక్కడ చదువుకుంటున్న ఆఫ్రికా స్టూడెంట్స్ బ్లాక్ హిస్టరీ ప్రోగ్రాం చేస్తారు. పాటలు, డాన్స్, బానిసత్వం మీద, హక్కుల పోరాటాల మీద వాళ్లే రాసుకున్న నాటిక. ఆ హాలు ఇప్పించింది అత్తే.

కమిటీ పెద్దలు "వాళ్లకీ మనకీ ఏం సంబంధం" అన్నారట. అత్త లేచింది.

"ఏటి సంబందమా? నన్ను కర్రిపిల్లా అని పిలిసినోలు ఈ హాల్లోనే కూకున్నారు. పెళ్లిసూపులకి నా మొకానికి ఎంత పౌడరు రాసినారో ఆలనే సెప్పమను!"

ఆ రోజే హాలు తాళంచెవి అత్త చేతికొచ్చింది.

మొదటి ఏడాది నైజీరియా అమ్మాయి బ్లెస్సింగ్ ఏడుస్తూ హాల్లోకి వచ్చింది. గల్లీలో కుర్రాళ్లు ఏవేవో పేర్లు పెట్టి పిలిచి, వీడియో తీశారు.

అప్పట్నుంచి ప్రోగ్రాం రోజు అత్త నల్ల గొడుగు పట్టుకుని బస్‌స్టాప్‌లో నిలబడేది. పిల్లలు దిగగానే గట్టిగా కబుర్లు చెప్తూ, నడిరోడ్డు మీదుగా తీసుకొచ్చేది. ఎవడైనా కూస్తే ఆగి, బెంగాలీలో ఒక్కటే మాట. "మీ అమ్మని పిలవనా?"

అంతే, ఫోన్లు జేబుల్లోకి పోయేవి. ఆ గల్లీలో అత్తకి తెలియని తల్లి లేదు.

ఊరికి అటు చివర న్యూ టౌన్‌లో ఉండే నాకు ఒక్క తల్లి కూడా తెలియదు.

నిన్న సాయంత్రం శవపేటిక పక్కన బ్లెస్సింగ్ నా చెయ్యి పట్టుకుంది. ఆంటీ లేరు కదా, ఈ శనివారం ప్రోగ్రాంకి మేం రావొచ్చా అని అడిగింది.

రండి అనేశాను.

తాళంచెవి ఇప్పుడు నాన్న దగ్గరుంది. "ఈ ఏటికి వొగ్గెయ్యమ్మా. ఆ పిల్లలకి ఏటైనా అయితే ఎవులు సూస్తారు?" అంటున్నారు. ఆయన భయం తప్పని నేను అనలేను. నా భయమూ అదే. నేను ఎదుటివాడు గట్టిగా మాట్లాడితేనే తడబడే మనిషిని.

అయినా రమ్మన్నాక రాకండి అని ఎలా చెప్పను? అత్త తిట్లు నాకు ఇంకా వినబడుతున్నాయి.

శనివారం సాయంత్రం నాన్న దగ్గర తాళంచెవి తీసుకుని, అత్త గొడుగు పట్టుకుని బస్‌స్టాప్‌లో ఉంటాను. వాట్‌గంజ్ వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఆ కుర్రాళ్ల తల్లులు మీకు తెలిసుంటే, దయచేసి వచ్చి నా పక్కన నిలబడండి. మాట్లాడక్కర్లేదు.

అత్తా, ఇన్నాళ్లు నిలబడింది చాలు. ఇక ప్రభువు దగ్గర కాళ్లు చాపుకుని నెమ్మదిగా కూర్చో.

పిల్లల్ని నేను తీసుకొస్తాను.