కుట్లు పడకముందే పథ్యం

కొత్త జిల్లాలు వచ్చిన మరుసటి ఏడాది నన్ను కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి క్యాన్సర్ వార్డుకు డైటీషియన్‌గా వేశారు. పెద్ద ఆపరేషన్‌కు ముందు రోగికి బలం చేర్చడం, తర్వాత గొట్టం ద్వారానో నోటి ద్వారానో ఆహారం అందేలా చూడడం నా పని.

ఆ ఏడాదే రాజేశం చేరాడు. మరమగ్గం కార్మికుడు, జీర్ణాశయంలో గడ్డ. ఒంట్లో ప్రోటీన్ పడిపోయింది, ఇలాగే కోస్తే లోపలి కుట్లు నిలవవు, ఆలస్యమైతే గడ్డ చేయి దాటుతుందని సర్జన్ అతన్ని నాకు అప్పగించారు. పప్పు జావ, గుడ్డు, పాలు రాసిచ్చాను. మళ్లీ తూచేసరికి బరువు ఇంకా తగ్గింది.

భార్య పద్మను నిలదీశాను. "పప్పు, గుడ్డు పెడితే కుట్లు చీము వడ్తయట మేడం. అందుకే గంజే తాగిపిస్తున్న" అంది. ఆపరేషన్ అనగానే పప్పు బంద్ చేయడం మా వైపు అలవాటే. ఈమె భయం కొద్దీ ముందే మొదలుపెట్టింది. నాకు ఒళ్లు మండింది.

"కుట్లే ఇంకా పడలే, చీము ఎక్కడికెళ్లి వస్తది?" అన్నాను. మంచం మీద రాజేశం నవ్వాడు. దాంతో పద్మ కూడా మెత్తబడింది.

ఏం తినాలనుందని అతన్ని అడిగాను. సర్వపిండి అన్నాడు. పెనానికి ఒత్తి కాల్చే ఆ గట్టి బియ్యప్పిండి రొట్టె గడ్డ ఉన్న కడుపులో అరగదు. అందుకని అందులో పడే పల్లీలు, నువ్వులే వేయించి, మెత్తగా పొడి చేసి పాల జావలో కలిపించాను. వాసన తగలగానే గిన్నె ఖాళీ చేశాడు. మెల్లగా బరువు పెరిగింది, ఆపరేషన్ జరిగింది.

తర్వాత చిన్నపేగులోకి వేసిన గొట్టంతోనే ఆహారం. పక్క మంచం వాళ్ల టిఫిన్ డబ్బా మూత తెరిస్తే చాలు, అటే చూసేవాడు. "కడుపైతే నిండుతుంది మేడం, నోరే ఊకుంటలేదు" అనేవాడు. ఆయన తినేదాకా తానూ సర్వపిండి ముట్టనని పద్మ పట్టుబట్టింది. కుట్లు చీము లేకుండా మానాయి.

కొన్నాళ్లకు, గొట్టం తీసి నోటితో తినొచ్చన్నాక, చూపించుకోవడానికి వచ్చినప్పుడు పద్మ స్టీలు డబ్బాలో సర్వపిండి తెచ్చింది. అతను చిన్న ముక్క తుంచి చాలాసేపు నమిలాడు. మేమిద్దరం ఊపిరి బిగబట్టి చూశాం.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు.

పద్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "గిన్ని దినాలకు వంట మీద వంక వెట్టిండు. ఇగ నాకు ఫికర్ లేదు మేడం" అంటూ మిగిలింది తను తినసాగింది.

ఇప్పుడు రిటైరై మంచిర్యాలలో ఉంటున్నాను. పల్లీలు వేగే వాసనకు ఆ వార్డు మీదికి మనసు పోతుంది, నిజంగా బెంగగా ఉంటుంది. ఆ కేసు నేర్పింది ఒకటే: ఏం పెట్టాలో రాసే ముందు, దేని మీద మనసుందో అడగాలి.