పేతురు పక్కన పందెం పుంజు

ఈ ఉదయం బొమ్మ వేస్తుంటే బొగ్గుకడ్డీ విరిగి, ఆ పొడి వాసన ముక్కుకు తగలగానే సుందరరావు మాస్టారు గుర్తొచ్చారు. హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా రిటైరయ్యాక, రాజమండ్రిలో తమ ఇంటి వరండాలో మాకు బొమ్మలు నేర్పేవారాయన. వందల ఏళ్ల కిందటి ఇటలీ చిత్రకారులు గీసిన బైబిలు మనుషుల బొమ్మల పుస్తకం ఒకటి ఆయన దగ్గరుండేది. బొమ్మ ముఖాన్ని అరచేత్తో మూసి, ఎవరో చెప్పమనేవారు. చేతిలో తాళంచెవులుంటే పేతురు, అత్తరు బుడ్డి ఉంటే మగ్దలేనే మరియ. శంఖచక్రాలు చూసి విష్ణువును పోల్చుకునే ఇంట్లో పుట్టినదాన్ని, ఇదేం పెద్ద విద్య అనుకున్నాను.

నిడదవోలు దగ్గర ఒక ఊరి చర్చివాళ్లు పేతురు బొమ్మ అడిగితే, మాస్టారు ఆ పని నాకు అప్పగించారు. నేను బయటివాళ్లకు వేసే మొదటి బొమ్మ అది. నచ్చితే గోడకెక్కుతుంది, లేకపోతే ఇంకొకరి చేత వేయించుకుంటారు. యేసు ఎవరో తెలియదని ఆయన శిష్యుడు పేతురు భయంతో మూడుసార్లు బొంకగానే కోడి కూసిందట. అందుకే పాత బొమ్మల్లో అతని పక్కన కోడి కనబడుతుంది. నాకు తెలిసిన కోళ్లు మా పెదనాన్న పెంచే పుంజులే. మెడ ఈకలు నిక్కబొడుచుకుని కయ్యానికి కాలు దువ్వుతున్న పుంజును మనసారా వేశాను.

చర్చి పెద్దలు వచ్చి చూశారు. పేతురు వంక చూసినవాడు లేడు. ఆ పుంజు జాతి డేగా నెమలా అని ఇద్దరు వాదులాటకు దిగారు. అందరిలోకీ పెద్దవారు దావీదుగారు మాత్రం ముఖం గంటు పెట్టుకుని, "మందిరంలో పందెం పుంజేంటండి?" అన్నారు. నాకు ఏడుపొకటే తక్కువ. మాస్టారు నవ్వేసి వారం గడువు అడిగారు.

వాళ్లు వెళ్లాక, "పుంజు బానే కుదిరిందమ్మా. కానీ ఎదర ఇంకో పుంజున్నట్టు చూస్తోంది. ఇక్కడ ఓడిపోయింది మనిషి కదా, దాని కూత ఆయనకి వినపడాలి" అన్నారు.

మళ్లీ వేశాను. ఈసారి పుంజు నోరు తెరిచి ఆకాశంకేసి కూస్తోంది. పేతురు తలదించుకున్నాడు. తాళంచెవులున్న చెయ్యి కిందికి వాలిపోయింది.

వారం తర్వాత వచ్చినప్పుడు పుంజు జాతి ఎవరికీ గుర్తు రాలేదు. దావీదుగారు బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, కండువాతో కళ్లు ఒత్తుకున్నారు.

"పదిమందిలో మా తమ్ముణ్ణి ఎవడో తెలీదన్నానండి, ఒకసారి" అన్నారు మెల్లిగా.

బొమ్మ గోడకెక్కింది. మాస్టారు పోయి చాలా కాలమైంది. నా బొమ్మ బాగుందంటే నాకిప్పటికీ సంబరమే, కాదనను. కానీ ఎవరైనా ఏమీ అనకుండా దాని ముందు నిలబడిపోతే మాత్రం, ఆ రోజు నా కడుపు నిండిపోతుంది.