రంగు కొలిచే మిషను

కొత్త పరికరం ఏది కనబడినా మా బావ ముఖంలో పెళ్లికళ వచ్చేస్తుంది. అచ్చుపని నేర్పే మా బడిలో నేను బైండింగు చెబుతాను, ఆయన ఇంకు రంగులు కలపడం చెప్పేవాడు. కంప్యూటర్లు వచ్చినప్పుడు మిగతా మాస్టర్లు మూతి ముడుచుకుంటే, ఈయన సిగ్గు లేకుండా పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నాడు. కొత్తొక వింత, పాతొక రోత అని స్టాఫ్ రూమంతా నవ్వుకునేది.

చివరికి బావే ప్రిన్సిపాల్ ప్రాణం తోడేసి రంగు కొలిచే మిషను తెప్పించాడు. ఆ మిషను మాకెవరికీ గిట్టలేదు. ఎవరి పనితనం ఎంతో పిల్లల ముందే చెప్పేస్తుంది మరి!

మొదటి రోజు బావే ముందుకొచ్చాడు. బిస్కెట్ ప్యాకెట్ ముక్క ఒకటి పక్కన పెట్టుకుని, దాని మీదున్న గోధుమరంగునే గాజు పలక మీద కత్తితో కలిపి, కాగితానికి పూసి మిషను కింద పెట్టాడు. మిషను చూపే తేడా అంకె రెండు దాటితే ఆ రంగు పారేయాల్సిందేనని ముందే పిల్లలకు చెప్పి ఉన్నాడు. మిషను ఆరు చూపించింది. మళ్లీ కలిపాడు. ఈసారి ఏడు. నీలం ఎక్కువైందని గదిలో అందరికీ కనబడుతూనే ఉంది, ఆయనకు తప్ప.

"తాను తీసిన గోతిలో తానే పడ్డాడయ్యా మీ బావ," అని ఆఫ్‌సెట్ అచ్చు నేర్పే మాస్టారు నా చెవిలో నవ్వాడు. పైకి మాత్రం తేనె పూసి మాట్లాడాడు. "మిషన్లోనే ఏదో లోపముంది మాస్టారూ. మీరొక్క మాటనండి, ఇప్పుడే తిప్పి పంపేద్దాం."

ఆ ఒక్క మాట అనేస్తే ఇంకు గది బావ చేతిలోనే ఉండిపోతుంది.

"మిషను కరెక్టేనర్రా. నా కన్నే చెడింది," అన్నాడు బావ, పిల్లలవైపు తిరిగి. నాకు ఒళ్లు మండిపోయింది.

కంటి నరం దెబ్బతిందని, చూపు ఇక బాగుపడదని డాక్టరు తేల్చేశాడు. ఇంకు గది ఆఫ్‌సెట్ మాస్టారి చేతికి వెళ్లింది. బావను కాగితాల స్టోరులో కూర్చోబెట్టారు. "అక్కడైతే కళ్లతో పెద్దగా పనుండదు లెండి," అని ప్రిన్సిపాల్ అందరి ముందూ అన్నాడు.

"ఒక్క మాటంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?" అని అక్క ఆయన్ని దులిపేసింది.

"పిల్లలకి మిషను మిగిలిందిగా," అన్నాడు. అదొక్కటే ఆయనకు మిగిలిన సంతోషం.

మొన్న అట్టల కోసం స్టోరుకు వెళ్లాను. ఒక అమ్మాయి అప్పుడే అచ్చు తీసిన షీటు చేత్తో పట్టుకుని కాగితాలకు వచ్చింది. బావ అలవాటు కొద్దీ షీటు అందుకుని కిటికీ దగ్గరికి నడిచాడు.

"మీకు రంగులు తెలియవు కదా సార్," అంది ఆ పిల్ల. ఎగతాళిగా కాదు, ఉన్నమాటే అంది.

"అవునమ్మా, అవును. మిషనుకి చూపించు."

"మిషనెక్కడుంది సార్? పోయిన నెల్లోనే తిప్పి పంపేశారుగా. ఆఫ్‌సెట్ సార్ బాగుందంటే బాగున్నట్టే."

బావ నావైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి నాకు చెప్పలేదేంరా?"

"చెబితే ఏం చేసేవాడివి బావా?"

ఆయన షీటు ఆ పిల్లకు తిరిగిచ్చేశాడు.

"ఎన్ని కాగితాలు కావాలమ్మా?" అని అడిగాడు.