ఆయన పేరు పిలిచిన రోజు

ఇది తెలిసినవాళ్లం ఇద్దరమే. మా ఆయన పోయి ఏడాది దాటింది. నేను రాయకపోతే ఇక ఎవరికీ తెలియదు.

మాది తమిళనాడులో ధర్మపురి పక్కన సోగత్తూరు. వ్యానులోనే వండుకుని, పడుకుని కొండలు తిరిగే దంపతుల గురించి నేను గ్రంథాలయంలో చదివి చెబితే, ఆయన టమోటాలు తోలే తన వ్యానులో పరుపు, పొయ్యి అమర్చారు. బందీపూర్ చూసుకుని ముదుమలై చేరాం. అడవి అంచున బండి ఆపి ఆయన వాగులో బిందె ముంచుతుంటే, వెనక వెదురు పొదల్లోంచి ఏనుగు వచ్చింది.

"ఇదో! ఇదో!" అని, ఎప్పుడూ ఆయన్ని పిలిచేలాగే అరిచాను.

"ఉండవే, వస్తా ఉండా" అన్నారు, తిరగకుండానే.

మగని పేరు పలకకూడదని పెరిగినదాన్ని. అయినా పేరు పెట్టి గొంతు చించుకున్నాను. ఆయన ఉలిక్కిపడి తిరిగి చూశారు. బిందె వదిలేసి పరుగున వచ్చి బండెక్కారు. ఏనుగు నీళ్లు తాగి వెళ్లిపోయింది.

"ఏనుగు కన్నా నీ కేకకే బయమయ్యింది. ఇంగొక తూరి పిలువే."

"పోండి, సిగ్గులేదా!"

ఊటీ దాకా ప్రతి మలుపులోనూ బతిమాలారు. నేను పిలవలేదు. ఆ తర్వాతా ఎన్నడూ పిలవలేదు. ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు పిలుస్తుంటాను.

నాకు తెలుగు చదవడం నేర్పిన రాజమ్మక్కకు, పరుపు కుట్టిన మునుసామన్నకు కృతజ్ఞతలు. నన్ను కొండల్లో తిప్పిన మా ఆయన గోవిందరాజుకు కూడా.