ఇంటిల్లిపాదికీ ఒకటే మెయిలు

నా మరదలి వీపును నేను మొదటిసారి చూసింది ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చి ఫోనులో ఫొటోలు సర్దుతున్నప్పుడు.

ఆ పని నాకు ఇష్టం. నేను జాకెట్లు కుడతాను. కుట్టిన ప్రతి మెడనూ, చేతి అంచునూ ఫొటో తీసి పెట్టుకుంటాను. వాటికి తోడు మేము బాపు అని పిలిచే మా నాన్న ఫోనులో వచ్చిపడే శుభోదయాల పూలు. క్లౌడులో చోటు నిండిందని ఫోను మాటిమాటికీ గుర్తుచేస్తుంటే వారానికోసారి కూర్చుని పనికిరానివి తీసేస్తాను. నేను బడికి పోలేదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఒక కాలు సన్నబడితే, బాపు షిఫ్టు దిగి వచ్చి బైబిలు ముందుపెట్టుకుని నాకు చదువు చెప్పాడు. తెలియనిదాన్ని మెల్లగా చదివి తెలుసుకునే ఓపిక అప్పుడు అబ్బింది. ఫోను సంగతులు కూడా అట్లాగే నేర్చుకున్నాను. అందుకు ఆయనకూ, ఆయన్ని నాకిచ్చిన దేవునికీ ఈనాటికీ కృతజ్ఞత చెప్పుకుంటాను.

ఆ ఫొటో మొదట అర్థం కాలేదు. కెమెరాకు ఎవరి వేలో అడ్డం పడిందనుకుని తీసేయబోయాను. పెద్దది చేసి చూస్తే చర్మం. నడుము నుంచి భుజం దాకా అరచేతి వెడల్పున ఒక పట్టీలాగా కమిలింది. అంచులు ఉబ్బాయి. పట్టీ చివర నలుచదరంగా ఒక గుంట, అందులో ఎండిన రక్తం. పక్క ఫొటోలో చెవి వెనక కుదుళ్లతో సహా జుట్టు ఊడిన చోటు. ఆ తరువాతిది అద్దంలో తీసుకున్నది. పై పెదవి చిట్లి ఉంది. వెనక కనిపించే ఆకుపచ్చ గోడ గోదావరిఖనిలో మా తమ్ముడుండే క్వార్టరు బాత్రూముది.

అవి నా ఫోనులోకి ఎందుకొచ్చాయో చెప్పాలి. మా ఇంట్లో ఎన్ని ఫోన్లున్నా మెయిలు ఒకటే. ఊపిరితిత్తులు చెడి బాపు బొగ్గుబాయి పనికి పనికిరాడని తేలాక ఆ ఉద్యోగం తమ్ముడికి రావాలి. కాగితాల కోసమని నెట్ షాపులో బాపు నంబరుతో ఒక మెయిలు చేయించారు. ఆఫీసు నుంచి పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు. ఒకరు చూడకపోయినా ఇంకొకరు చూస్తారని అదే మెయిలును అందరి ఫోన్లలో పెట్టుకున్నాం. మా బొగ్గుగనుల కాలనీల్లో చాలా ఇళ్లలో ఇదే తంతు. ఉద్యోగం వచ్చింది. మెయిలు మారిస్తే ఫైలుకు ఏమవుతుందోనన్న భయం మాత్రం పోలేదు. పెళ్లయ్యాక తమ్ముడు భార్యకు కొనిచ్చిన ఫోనులోనూ అదే మెయిలు పెట్టాడు. ఎవరు ఏ ఫొటో తీసినా అందరి ఫోన్లలోకీ వచ్చి చేరేది. మరదలికి ఆ సంగతి తెలియదు.

బాపుకు చెప్పలేదు. ఆదివారం తమ్ముడు ఇంట్లోనే ఉంటాడు కనుక ఫోను కూడా చేయలేదు. సోమవారం అతడు మొదటి షిఫ్టుకు బాయిలోకి దిగాక వెళ్దామనుకున్నాను. మేముండే రామగుండంలో ఆటో దొరకడం ఆలస్యమై, నేను క్వార్టరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

మరదలు తలుపు తీసింది. ఆ ఎండల్లో నిండు చేతుల నైటీ, మీద తువ్వాల. ఫోను చూపించాను.

“గవి నీ ఫోన్లకెట్ల వచ్చినయి, వదినె?”

చెప్పాను. విని గోడకు ఆనుకుని కూలబడింది. అవి పెద్దమనుషుల ముందర చూపించడానికి తీసుకుందట. పోయినసారి దవాఖానకు తీసుకుపోయినప్పుడు తమ్ముడు పక్కనే నిలబడి, బాత్రూములో జారి పడిందని డాక్టరుకు చెప్పాడట. చీటీ మీద అదే ఉంది. ఇప్పుడు తన నోటిమాటను నమ్మేదెవరు, అందుకని ఈసారి తానే తీసుకుంది.

ఉన్నట్టుండి ఆమె ముఖం మారింది. ఆయన ఫోనులోకి కూడా పోయుంటాయా అని అడిగింది. పోయుంటాయన్నాను. బాయిలోకి ఫోను తీసుకుపోనివ్వరు, పైన పెట్టి దిగాలి. షిఫ్టు ముగించుకుని పైకొచ్చాక చూస్తాడో, చూడడో.

“తీసెయ్ వదినె, జల్ది తీసెయ్,” అంది. నేను వేలు పెట్టేలోపే నా మణికట్టు పట్టుకుంది. “వద్దు. గవి పోతె నాకేం మిగుల్తది.”

వాటిని ఇంకెక్కడికైనా పంపుదామని పాస్టరమ్మ నంబరు వెతుకుతుంటే బయట బండి ఆగిన చప్పుడైంది.

తమ్ముడు చెప్పులు కూడా విడవకుండా లోపలికి వచ్చాడు. చేతిలో ఫోను, తెర మీద ఆమె వీపు. చోటు నిండిందన్న మెసేజి చూసి తెరిచాడట, తరువాత తెలిసింది.

“ఏమే, ఫొటోలు దిగినవా? మా అక్కను గూడ పిలిపించినవా చూడనీకె?”

ఆ ఫోనుతోనే ఆమె నోటి మీద కొట్టాడు. మానుతున్న పెదవి మళ్లీ తెగింది. రక్తం గడ్డం మీదుగా నైటీ మీదికి కారింది. నేను మధ్యలోకి పోతే ఒక్క తోపు తోశాడు. నా కాలు నిలవలేదు, గ్యాసు సిలిండరు మీద పడ్డాను. లేచేలోపు ఆమె జుట్టు పిడికిట పట్టి తలను గూటికేసి కొట్టాడు. స్టీలు గ్లాసులన్నీ నేల మీదికి దొర్లాయి. మళ్లీ కొట్టాడు. పక్కనున్న ఓపెన్‌కాస్టు గనిలో రోజూ పేల్చే మోతకు అలవాటుపడిన గోడలవి. ఈ మోతకు కూడా అలవాటుపడ్డట్టే ఉన్నాయి.

కొట్టడం ఆపాక మంచం మీద కూర్చున్నాడు. ఎడమ చేత్తో ఆమె జుట్టు వదలకుండా, కుడి బొటనవేలితో ఫొటోలు ఒక్కొక్కటే తీసేశాడు. గోటి చుట్టూ ఇంకా బొగ్గు నలుపు ఉంది. నేల మీద పడి ఉన్న నా ఫోనులో నేను చూస్తుండగానే వీపు పోయింది, చెవి పోయింది, అద్దంలోని ముఖం పోయింది. వాటి స్థానంలోకి నా జాకెట్ల మెడలు జరిగాయి.

“గిప్పుడు చూపెట్టు, ఎవలకు చూపెడ్తవో.”

పక్క క్వార్టరులో మేము ఖాలా అని పిలిచే పెద్దామె అప్పుడు లోపలికొచ్చింది. మా కుటుంబాన్ని ఎన్నో ఏళ్లుగా ఎరిగిన మనిషి. చేతిలో రొట్టెలు తిప్పే అట్లకాడ అట్లాగే ఉంది. తమ్ముడు ఆమె జుట్టు వదిలి, జారి పడింది ఖాలా అన్నాడు.

“మీ ఇంట్ల బాత్రూం రోజు దీన్నే జారేస్తది ఏంది రా? నిన్ను ఒక్కదినమన్న జారెయ్యదా?” అందామె. మేమిద్దరం గడప దాటేదాకా ఆ అట్లకాడను అతడి ముఖానికి ఎదురుగా పట్టుకుని నిలబడింది. ఆ తల్లి కోసం ఇప్పటికీ నా ప్రార్థనలో ఒక మాట ఉంటుంది.

ఆటోలో మరదలు నా కొంగుతో నోరు అదుముకుని ఒక్కటే అడిగింది, మొత్తం పోయినట్టేనా అని. పోలేదని నాకు తెలుసు. ఒకసారి తొందరలో మంచి మెడల ఫొటోలు తీసేసుకుని, ఏడుస్తూ వెతికితే ఆ యాప్ అడుగున ఒక చెత్తబుట్ట కనిపించింది. తీసేసినవి రెండు నెలల దాకా అందులో పడి ఉంటాయి. ఇంటికి చేరి చూస్తే అన్నీ ఉన్నాయి. దేవునికి స్తోత్రం చెప్పి ఒక్కొక్కటిగా పైకి తీసుకున్నాను. అయినా అదే మెయిలు తమ్ముడి చేతిలోనూ ఉంది. చూశాడంటే ఈసారి బుట్ట కూడా ఖాళీ చేస్తాడు. పాస్‌వర్డు మార్చి మిగతా ఫోన్లను బయటికి పంపేయాలి. మార్చబోతే యాప్, బాపు ఫోనుకు పంపిన అంకెలు చెప్పమంది.

బాపు మంచం మీద ఉన్నాడు, ఫోను దిండు కింద. కోడలి ముఖం చూసి కళ్లు దించుకున్నాడు. అంకెలు చెప్పమంటే ఫోను మీద దిండును ఇంకాస్త అదిమాడు. “ఇంటి సంగతి ఇంట్లనె ఉండనీ బిడ్డా. పోలీసులదాక పోతె వాని నౌకరి పోతది,” అన్నాడు. ఆ నౌకరి ఆయన తన ఊపిరి పెట్టి కొడుక్కు ఇచ్చింది. నాకు కోపం రాలేదని చెప్పలేను. వీపు ఫొటోను పెద్దది చేసి ఆయన ఒడిలో పెట్టాను.

అద్దాలు పెట్టుకున్నాడు. కమిలిన పట్టీ వెంబడి తెర మీద వేలు పోనిచ్చి, చివరనున్న నలుచదరపు గుంట దగ్గర ఆపాడు.

“ఇది బాయి బెల్టు,” అన్నాడు. “లైటు బ్యాటరీ కట్టుకునేది. గీ బిళ్ల నాకెర్క.”

తన నడుమును ఆ బిళ్ల ఒరుసుకుపోయిన చోటును చొక్కా మీదుగా తడుముకున్నాడు. మరదలు గోడవైపు తిరిగి కూర్చుంది. బాపు దిండు కిందనుంచి ఫోను తీసి, దగ్గు తెరలు తెరలుగా వస్తుంటే ఆగి ఆగి అంకెలు చదివాడు. నేను నొక్కాను. ఆ మెయిలున్న ఫోన్ల జాబితాలోంచి తమ్ముడి ఫోను పోయింది.

పొద్దు గూకకముందే వచ్చాడు. అతడి ఫోనులో మెయిలు పనిచేయడం ఆగిపోయి ఉండాలి. గొళ్లెం ఊడేలా తలుపు తన్నాడు. బాపు గుమ్మానికి అడ్డంగా లేచి నిలబడితే గుండెల మీద గుద్దాడు. బాపు వెనక్కి పడి గడప తల వెనక తగిలింది, అద్దాలు చెదిరి పగిలాయి. తమ్ముడు ఆయన చేతిలోంచి ఫోను లాక్కుని వాకిట్లో బట్టలుతికే బండకేసి కొట్టాడు. ముక్కలను మళ్లీ కాలితో తొక్కాడు. తొక్కుతున్నంతసేపూ ఆమెను బయటికి రమ్మని బూతులు.

“ఎంతన్న పలగ్గొట్టు. గవి ఫోన్ల లెవ్వు,” అన్నాడు బాపు నేలమీదనుంచే.

“మరి యాడున్నయి?”

“నీ చెయ్యి పోనికాడ.”

తమ్ముడు చెయ్యెత్తాడు. బాపు ముఖం తిప్పుకోలేదు. అప్పటికి వాకిట్లోకి మనుషులొచ్చారు. ఎవరో వెనకనుంచి తమ్ముడి రెండు చేతులూ పట్టుకున్నారు. వాళ్లను విదిలించుకుని బండెక్కి పోయాడు. ఆ తరువాత చాలాసేపు బాపుకు ఊపిరి సరిగా ఆడలేదు. మరదలు తన నోటి రక్తం కడుక్కోకుండానే ఆయన వీపు నిమురుతూ కూర్చుంది.

చర్చి హాలులో పెద్దమనుషులు కూర్చున్న రోజు తమ్ముడు ఉతికిన తెల్లచొక్కా వేసుకొచ్చాడు. నింపాదిగా, జారి పడిందన్నాడు. సర్దుకుపొమ్మని ఆమెకు చెప్పడానికే ఇద్దరు ముగ్గురు గొంతు సవరించుకున్నారు. మరదలు నా ఫోను తీసుకుంది. ఎవరి చేతికీ ఇవ్వలేదు. తానే పట్టుకుని వరసలో ఒక్కొక్కరి ముందూ ఆగి చూపించింది. ఒక పెద్దాయన చూడలేక తల తిప్పుకుంటే, ఆయన మళ్లీ ఇటు తిరిగేదాకా అక్కడే నిలబడింది. చివరన కూర్చున్న బాపు లేచి, ఆ గుర్తు దేనిదో అందరికీ చెప్పాడు. కొడుకు వైపు చూడలేదు. ఆ తరువాత సర్దుకుపొమ్మని ఎవరూ అనలేదు. అటునుంచి అటే ఆమెను స్టేషనుకు తీసుకుపోయాం.

కేసు నడుస్తోంది. తమ్ముడు డ్యూటీకి పోతూనే ఉన్నాడు. బాపు అతడితో మాట్లాడడు. నేను ప్రార్థన చేస్తాను, కోపం చల్లారకుండానే చేస్తాను. అది కూడా వినేవాడు వింటాడని నా నమ్మకం.

మరదలు కమాన్‌పూర్‌లో తల్లి దగ్గర ఉంటోంది. ఆమెకు విడిగా ఒక మెయిలు చేసి, ఆమె తీసుకున్న ఫొటోలన్నీ అందులోకి పంపాను. మా దాంట్లో ఉంచాలా వద్దా అని అడిగితే, లాయరు దగ్గరొకటీ తన దగ్గరొకటీ చాలు, నీ జాకెట్ల మధ్య గవెందుకు అంది. ఆమె ముందరే తీసేసి, బుట్ట కూడా ఖాళీ చేశాను.

పోయిన ఆదివారం ఫోను చేసింది. వాళ్ల అమ్మకు కొత్త చీర కట్టించి ఫొటో తీసిందట.

“చూసినవా వదినె, ఎట్లున్నది?”

నాకెట్ల కనపడతదన్నాను. నవ్వింది. పెదవి కుట్లు విప్పాక ఆమె నవ్వడం వినడం నాకదే మొదలు.

“అవు గద. ఇగ నేను పంపితెనె వస్తయి నీకు,” అంది. “ఉండు, పంపుత.”