ఎర్మెలిందా టీచరమ్మ వరస

ఎర్మెలిందా టీచరమ్మకు లోకంలో ఏదీ వరస తప్పి కనిపించకూడదు. ఎరుపు పక్కన పసుపు, మళ్లీ ఎరుపు, మళ్లీ పసుపు. పెద్దదాని తర్వాత చిన్నది, మళ్లీ పెద్దది. సార్చీ ఊళ్లో తరతరాలుగా ఎడ్లబళ్ల చక్రాలకు రంగులేసే వాళ్లకు కూడా లేని ఈ పిచ్చి, పసిపిల్లల బడి నడిపే ఆవిడకు పట్టుకుంది.

ఆ పిచ్చికి మొదటి బలి బడి వంటమనిషి నిదియా. పొద్దున్నే అన్నమూ నల్లచిక్కుడు గింజలూ కలిపి వేయించి పెడితే, టీచరమ్మ పళ్లెంలో ఒక మెతుకు, ఒక గింజ, ఒక మెతుకు, ఒక గింజ పేర్చేది. పిల్లలు పద్దెనిమిది మందీ ఆమె వెంటే.

"ఇది తినడానికమ్మా, దండ గుచ్చడానికి కాదు!"

"తింటార్లే నిదియా. మార్సేలా, ఇప్పుడేమొస్తుంది?"

"గింజ!"

"శభాష్, తినెయ్!"

"చల్లారిన గింజ" అని నిదియా గొణుక్కునేది.

ఒకసారి శవయాత్రలో కూడా ఆవిడ చెయ్యి ఊరుకోలేదు. పెట్టె మీద పూలను తెలుపు, ఊదా, తెలుపు, ఊదా అని సర్దుతుంటే జనం నోళ్లు తెరిచారు. పోయినాయన భార్యే కళ్లు తుడుచుకుని, "సర్దనివ్వండి. బతికుండగా ఒక్కరోజూ వరసలో లేడు, పోయాకైనా ఉండనీ" అంది.

ఇంతవరకూ ఊరు నవ్వి ఊరుకుంది. అయితే ఒక సోమవారం ఆవిడ, పిల్లలు బుల్లి చెక్క చక్రాల మీద పూలు వేసే ఎర్రరంగులో ఇసుక కలిపింది. ఆకుపచ్చ రంగును నున్నగా వదిలేసింది. ఎర్ర రిబ్బన్లకు ముడులు, ఎర్ర పూసలకు గీతలు! పిల్లలు కళ్లు మూసుకుని తడుముతూ, "గరుకైతే ఎరుపు, నునుపైతే పచ్చ" అని అరిచి గెంతడమే ఆట.

ఈ సంగతి బెలార్మినో చెవిన పడింది. ఊళ్లో పేరుమోసిన బండి చిత్రకారుడు. మనవడు హైరో ఆ బడిలోనే ఉన్నాడు. "రంగులో ఇసుకా? శనివారం పిల్లల చక్రాలు చూస్తాను. నిజమే అయితే మావాణ్ణి బడి మాన్పించేస్తా!" అని కబురంపాడు.

శుక్రవారం నిదియా హైరోతో, "నాన్నా, ఆ ఎర్ర మిరపకాయ ఇలా అందుకో" అంది. వాడు రెండు కాయలు చేతబట్టుకుని, నిమిరి, వాసన చూసి, చివరికి పచ్చది అందించాడు. నిదియా గరిటె గిన్నెలోనే ఆగిపోయింది.

టీచరమ్మను పక్కకు పిలిచింది. "వీడికి ఎరుపూ పచ్చా ఒకలాగే కనిపిస్తాయా?"

"మెల్లగా మాట్లాడు. పోయిన నెల ఆకులన్నీ ఎర్రగా వేశాడు. అందరూ నవ్వబోయారు. వాళ్లమ్మకు చెప్పాను. తాతకు చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేదు."

"వాడొక్కడి కోసం పద్దెనిమిది మందితో ఇసుక తడిమిస్తున్నారా?"

"వాడొక్కడితో తడిమిస్తే అందరికీ తెలిసిపోదూ?"

శనివారం బెలార్మినో వచ్చాడు. మనవడి చక్రాన్ని ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఒక్క పూరేకా రంగు తప్పలేదు. వేలితో రుద్దాడు. గరగరలాడింది. మొహం చిట్లించాడు.

"ఎవరి పనిది?"

టీచరమ్మ నోరు విప్పేలోపే హైరో తాత చెయ్యి పట్టుకున్నాడు. "కళ్లు మూసుకో తాతా. గరుకైతే ఎరుపు. ఇప్పుడు చెప్పు."

ముసలాయన కళ్లు మూసుకున్నాడు. వేళ్లు మెల్లగా నడిచాయి. "ఎరుపు... పచ్చ... ఎరుపు..." చక్రం చుట్టూ తిరిగి వచ్చాయి. ఒక్కటీ తప్పు చెప్పలేదు. కళ్లు తెరిచి చక్రాన్ని కింద పెట్టాడు. తర్వాత టీచరమ్మ దగ్గరకు జరిగి గొంతు తగ్గించాడు.

"ఈ మధ్య నాకు చూపు మసకేస్తోందమ్మా. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇసుక ఇంత సన్నగా ఎలా జల్లించారు?"

"నిదియా పిండి జల్లెడతో."

"నా జల్లెడా!" వెనకనుంచి నిదియా కేక పెట్టింది. "వారం రోజులుగా రొట్టెలు కరకరలాడుతున్నాయని మొక్కజొన్నలమ్మేవాణ్ణి తిట్టిపోస్తున్నానే!"