ఆదివారం బడి తెరిచిన అమీనాబీ

పెద్దమందడి దగ్గరి ఒక ఊరి హైస్కూల్లో నేను ఆరేళ్లు లెక్కలు చెప్పాను. ఆ బడిలో మా అందరికంటే పాతమనిషి అమీనాబీ. గదులు ఊడ్వడం, గంట కొట్టడం, జ్వరమొచ్చిన పిల్లల్ని ఇంటిదాకా దిగబెట్టి రావడం, అన్నీ ఆమెవే. సైకిళ్లు బాగుచేసే భర్త అబ్దుల్ ఖాదర్ పోయాక ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు ఒంటిచేత్తో చేసింది. ఇప్పుడు బడి వెనక రేకుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది.

ఊళ్లో ఎవరింట లగ్గమైనా ఆమె పొద్దున్నే వెళ్లి, జంటను దీవించి వచ్చేసేది. దావత్‌కు మాత్రం ఆగేది కాదు. "సీసాలున్న కాడ కూసోనని మా అమ్మకు మాటిచ్చిన" అనేది.

ఒక ఏడు పెళ్లి ఊరేగింపు బరాత్‌లో మా పదో తరగతి పిల్లలు ముగ్గురు బీర్లు తాగి ట్రాక్టర్ మీంచి పడ్డారు. ఒకడికి చెయ్యి విరిగింది. హెడ్మాస్టర్ బాలరాజు సారు భయపడిపోయాడు. మర్నాడే కొత్త నిబంధన చెప్పాడు, నేను రాశాను. మందు ఉన్న చోట మన బడి పిల్లలు కనిపిస్తే, తాగినా తాగకపోయినా, పది రోజులు బడికి రానివ్వం. మందు లేని శుభకార్యం ఈ ఊళ్లో ఏదని మేం ఒక్కరమూ అడగలేదు.

దానికి మొదట దొరికినవాడు తొమ్మిదో తరగతి సతీష్. వాళ్ల తాత చనిపోయాక దినాల నాడు కల్లు పోశారు. వీడు విస్తళ్లు వేస్తున్న ఫోటో ఎవరో వాట్సాప్‌లో పెట్టారు, వెనక కల్లు కుండలు కనబడుతున్నాయి. పది రోజులు బయటే ఉన్నాడు.

"తాత సచ్చిపోతే ఆ పోరడు ఏడికి పోవాలె పెద్దసారూ?" అని అమీనాబీ ఒక్కతే అడిగింది. సారు ఫైల్లోంచి తల ఎత్తలేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం వనపర్తిలో సారు ఇంట్లో ఇద్దరం జవాబు పత్రాలు దిద్దుతున్నాం. అమీనాబీ ఫోన్ చేసింది. "జర బడికి రండ్రి సారూ. లొల్లేం కాలే. కానీ రండ్రి."

వెళ్లేసరికి గేటు తీసి ఉంది. వరండాలో పట్టులంగా కట్టుకున్న ఒక పిల్ల జొన్నరొట్టె తింటోంది. సతీష్ తరగతిలోనే చదివే రేణుక. కాళ్లకు పసుపు ఇంకా ఆరలేదు. ఆరోజు ఆమె సొంత అక్క పెళ్లి.

"దావత్ల మందు పెట్టిండ్రంట. నాయినకు చెప్తే నవ్విండంట. ఉండొద్దని సార్లు అన్నరు గదా, గేటు తియ్ అమీనమ్మా అని వచ్చింది. పొద్దుగాల్నుంచి ఏం తినలే పోరి" అంది అమీనాబీ.

సారు గాభరాగా అన్నాడు. "అరే, అక్క లగ్గం గదమ్మా! నీకు నేను పర్మిషన్ ఇస్తున్న, పో."

రేణుక లేచి నిలబడింది. "నాకిస్తరు సారూ. మరి సతీష్‌కు ఎందుకియ్యలే? ఆని తాత సచ్చిపోయిండు."

ఆ నిబంధన రాసింది నా చెయ్యి.

అంతలో తండ్రి నర్సింహులు వచ్చాడు. పదేళ్లు పుణెలో మేస్త్రీ పని చేసి బిడ్డ పెళ్లి ఘనంగా చేస్తున్న మనిషి. "నలుగుర్ల ఇజ్జత్ తీస్తివి గదనే! అప్పగింతల ఏళయింది. అక్క నీకోసం ఏడుస్తుంది" అన్నాడు. చెయ్యెత్తాడు కూడా. అమీనాబీ మధ్యలోకి వచ్చి నిలబడేసరికి ఆ చెయ్యి దిగింది.

"సీసాలు తీసెయ్యి నాయినా, వస్త."

"పిల్లగాని తరపోళ్లు ఊకుంటరా? నాతోని గాదు" అన్నాడు నర్సింహులు. కోపం పోయి వరండా మెట్టు మీద కూర్చుండిపోయాడు.

చివరికి బాలరాజు సారే అన్నాడు. "తప్పు నాది రేణుకా. రేపు ప్రేయర్‌ల అందరి ముందర సతీష్‌కు చెప్త. గా రూలు కొట్టేస్త."

రేణుక నమ్మాలో వద్దో తెలియనట్టు అమీనాబీ వైపు చూసింది. అమీనాబీ కొంగు నెత్తిమీదికి లాక్కుని పిల్ల చెయ్యి పట్టుకుంది. "పా బిడ్డా. నీ ఎంబడి నేనొస్త."

"అమ్మకు మాటిచ్చిన అంటవు గదా?" అన్నాను, ఆశ్చర్యం ఆపుకోలేక.

"మా అమ్మ ఉంటే తనే తోల్కపోతుండె" అని నడిచింది.

మేం వెనకాలే వెళ్లాం. టెంటు కింద పాతికమంది మగవాళ్లు, మధ్యలో ఐసుగడ్డల టబ్బు. అమీనాబీ ఎవర్నీ ఒక్క మాట అనలేదు. పిల్ల చెయ్యి వదలకుండా వాళ్ల మధ్యనుంచే నడిచింది. ఆమె తమ దావత్‌లో అడుగుపెట్టడం ఆ ఊరి జనం ఎన్నడూ ఎరగరు. ముందు వరుసలో ఒకతను గ్లాసు కుర్చీ కిందికి దాచాడు. పక్కవాడు లేచి నిలబడ్డాడు. తర్వాత ఒక్కొక్కరే లేచారు. "ఎవరామె?" అని అడిగి తెలుసుకున్న పెళ్లికొడుకు తండ్రి, తనే టబ్బుకు ఒకవైపు చెయ్యేసి ఇంటి వెనక పొలంలోకి మోయించాడు.

రేణుక పరుగెత్తి అక్కను పట్టుకుంది. తల్లి తిరుపతమ్మ పక్కన అమీనాబీ అప్పగింతలు అయ్యేదాకా కూర్చుంది. ఆడవాళ్లు ఏడుస్తుంటే తనూ ఏడ్చింది.

సోమవారం బాలరాజు సారు మాట నిలబెట్టుకున్నాడు. మూడొందల మంది పిల్లల ముందు "సతీష్, నేను తప్పు చేసిన" అన్నాడు. ఆ పిల్లవాడు ఎటు చూడాలో తెలియక తన చెప్పులు చూసుకున్నాడు. కొత్త నిబంధన మళ్లీ నేనే రాశాను. తాగిన పిల్లవాడితో మాట్లాడతాం, పోసిన పెద్దవాణ్ణి బడికి పిలిపిస్తాం. ఊరికే అక్కడ ఉన్న పిల్లలకు శిక్ష లేదు. ఉండలేమనుకున్న పిల్లలు ఏ రోజైనా బడికి రావచ్చు.

ఊరు మారిపోయిందని చెప్పను. వేసవి పెళ్లిళ్లలో మళ్లీ సీసాలు లేచాయి. కానీ ఆ రెండు నెలల్లో పదకొండు మంది పిల్లలు వేరువేరు దావత్‌ల నుంచి బడికి వచ్చారు. అమీనాబీ వాళ్లను వరండాలో కూర్చోబెట్టి, అమ్మానాన్నలు వచ్చేదాకా అష్టాచెమ్మ ఆడించింది. దానికి జీతం పెంచమని మేం అర్జీ రాయబోతే వద్దంది. "గా పిల్లలు నన్ను చూసి వస్తలేరు సారూ, రేణుకను చూసి వస్తుండ్రు" అంది.